కుక్క గిన్నెలో కోడి

(చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం ఒక రిటైర్డ్ పశువైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం.

ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని కాసేపు నడుం వాల్చి వచ్చినవాళ్ళు ఈ హాల్లో సగం మందైనా ఉంటారు. మీ ముందు జంతువుల గురించి, తిండి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పిలిచినవాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. (నవ్వులు)

నేను రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివాను. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బర్రెలు, గొర్రెలు, కోళ్ళు. ఇప్పుడు ఇంటి నిండా వీధిలోంచి వచ్చిన కుక్కలు, పిల్లులు. నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరమ్మా, మీరు కుక్కల్ని కాపాడతారు, బాగానే ఉంది. వాటికి చికెన్ వండి పెడతారు కదా, ఆ కోడిది ప్రాణం కాదా?"

అడిగేవాళ్ళలో ఎక్కువమంది వెటకారంగానే అడుగుతారు. అయినా ప్రశ్న మంచిది. ఇవాళ నేను మాట్లాడేదంతా దాని గురించే.

మీలో పొద్దున్నే వాకింగుకు వెళ్ళేవాళ్ళు ఏ చికెన్ సెంటర్ ముందైనా ఒకసారి ఆగి చూడండి. కూరకు కొనేవాళ్ళు ఒకవైపు ఉంటారు. ఇంకోవైపు మెడలు, కాళ్ళు, స్కిన్ కవర్లో కట్టించుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళు వీధికుక్కలకు పెట్టేవాళ్ళు. వాళ్ళలో కొందరు జన్మలో మాంసం ముట్టనివాళ్ళు. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని, డబ్బులిచ్చి కవర్ తీసుకుంటారు. ఇంటికెళ్ళి విడిగా ఒక గిన్నె, విడిగా ఒక స్టౌ. నూకల్లో వేసి, కాస్త పసుపు చల్లి ఉడకబెడతారు. ప్రేమ లేకపోతే అంత పని ఎవరూ చెయ్యరు. కానీ ఆ ప్రేమంతా కళ్ళ ముందున్న కుక్క మీద. వెనక బోనులో కూర్చున్న కోడి దాకా అది రాదు. వాళ్ళను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మనందరి ప్రేమా ఇంతే. కంటికి కనబడిన జంతువు మీద పుడుతుంది, కనబడనిది దానికి లెక్కలోకి రాదు. అందుకే హక్కు అనేది కావాలంటాను. మనకు ప్రేమ కలిగినా కలగకపోయినా ఆ జంతువుకు దక్కాల్సింది దక్కాలి కదా.

ముందు కుక్క గిన్నె సంగతి తేల్చేద్దాం. కుక్క మనిషితో వేల ఏళ్ళు కలిసి తిని, మన అన్నం అరిగించుకోవడం నేర్చింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తయారుచేసే జన్యువు తోడేలులో కంటే కుక్కలో చాలా ఎక్కువ ప్రతులు ఉంటాయి. అన్నం, పప్పు, సోయా, గుడ్డు లెక్కగా కలిపి పెడితే కుక్క ఆరోగ్యంగా బతుకుతుంది. లెక్కగా అన్నాను, గుర్తుంచుకోండి. ఒట్టి పెరుగన్నం పెట్టి, మా కుక్క కూడా శాకాహారే అని మురిసిపోతే అది నీరసించి పోతుంది.

పిల్లి అలా కాదు. దానికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, అది సహజంగా సరిపడా ఉండేది మాంసం, చేపల్లాంటి వాటిలోనే. అందకపోతే చూపు పోతుంది, గుండె ఉబ్బుతుంది. మా ఇంట్లో పిల్లి కూడా మాలాగే సాత్వికం అని గొప్పగా చెప్పేవాళ్ళను చూశాను. ఆ పిల్లి పక్కింట్లో తింటూ ఉండి ఉంటుంది. (నవ్వులు) కాబట్టి పిల్లిని తెచ్చుకున్నారంటే మాంసం కూడా ఇంట్లోకి వచ్చినట్టే. అది ఒప్పుకోలేనివాళ్ళు కుందేలునో మరోదాన్నో చూసుకోవాలి, పిల్లిని మార్చాలని చూడకూడదు.

ఇప్పుడు ఆ బోనులోని కోడి దగ్గరికి వెళ్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో కోళ్ళఫారాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. నేను వాటిలో చాలా తిరిగాను. మనం కూరకు కొనే బ్రాయిలర్ వయసు దాదాపు నలభై రోజులు. నలభై రోజులకే రెండు కిలోలు తూగుతుంది. నాటుకోడికి ఆ బరువు రావాలంటే ఆరు నెలలైనా పడుతుంది. కండ పెరిగినంత వేగంగా ఎముక, గుండె పెరగవు. చివరి వారంలో షెడ్డులోకి వెళితే కొన్ని లేవలేక కూలబడి ఉంటాయి. పెద్ద కోడిలా కనిపిస్తుంది కానీ కీచుమని అరుస్తుంది. అది పిల్లే.

గుడ్ల కోడి కథ వేరు. అడవికోడి ఏడాదికి పదో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుతుంది. ఫారంలో లేయరు మూడు వందలు దాటి పెడుతుంది. ఒక్కో గుడ్డు పెంకుకు సున్నం కావాలి, అందులో కొంత దాని ఎముకల్లోంచే పోతుంది. మన దేశంలో పంజరంలో ఒక్కో కోడికి మామూలుగా దొరికే చోటు 450 చదరపు సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. జిరాక్స్ సెంటర్లో ఇచ్చే ఎ4 కాగితం 624. అంటే కాగితం కంటే చిన్న చోట, రెక్క కూడా విప్పకుండా, ఏడాది పైన. ఇక లేయరు జాతిలో పుట్టిన పుంజు పిల్లలు గుడ్లూ పెట్టవు, కండా పట్టవు. హేచరీలో మొదటి రోజే వాటి పని అయిపోతుంది. ఎలా అన్నది ఇక్కడ చెప్పను, పిల్లలున్నారు. పంజరాల వ్యవహారం మీద లా కమిషన్ 2017లో 269వ నివేదిక ఇచ్చింది. కోళ్ళ గురించి లా కమిషన్ రాసిందని చాలామంది లాయర్లకే తెలియదు.

నన్ను ఎప్పటి నుంచో ఇబ్బంది పెడుతున్న విషయం ఒకటి చెబుతాను. గుండె డాక్టర్లు మటన్ మానేసి చికెన్ తినమంటారు. ఆరోగ్యం సంగతి వాళ్ళకే తెలుసు, నేను మాట్లాడను. ప్రాణాల లెక్క చూడండి. ఒక మేకపోతు నుంచి పది, పన్నెండు కిలోల మాంసం వస్తుంది. అంత మాంసం కోళ్ళలో కావాలంటే ఎనిమిదో తొమ్మిదో కోళ్ళు కొయ్యాలి. పైగా ఆ మేక చెట్టూ చేమా తిరిగి, ఎండా వానా చూసి, తల్లి వెనక పరిగెత్తి బతికింది. కోడి షెడ్డు దాటి బయట చూసేది లారీ ఎక్కించే రోజే. "అయ్యో మేక" అంటాం, "అయ్యో కోడి" అన్నవాళ్ళను నేను పెద్దగా చూడలేదు.

సరే, శాకాహారులు కొంచెం హాయిగా వెనక్కి జారబడ్డారు. (నవ్వులు) పాల సంగతికి వస్తున్నాను.

బర్రె పది నెలలు మోసి ఈనుతుంది. ఈనకపోతే పాలు లేవు. ఈ మాట నగరంలో పెరిగిన పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతున్నారు. పాలు రావడం బర్రె స్వభావం అనుకుంటున్నారు, చెట్టుకు కాయలొచ్చినట్టు. దూడ పుడుతుంది. పెయ్యదూడ అయితే రేపటి బర్రె కాబట్టి దాన్ని చూసుకుంటారు. దున్నదూడ అయితే? ట్రాక్టరు వచ్చింది, దున్నతో పనిలేదు. సూది మందుతో చూలు కట్టిస్తున్నాం, పోతుతోనూ పనిలేదు. ఒక రైతు నాతో అన్నాడు, "దున్నదూడకు పాలిడిస్తే నేనేం అమ్ముకోవాలె డాక్టరమ్మా?" అతను దుర్మార్గుడు కాదు, బర్రెకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషి. లీటరుకు అతనికి వచ్చేది ఎంతో, దాణా ఖర్చు ఎంతో నాకు తెలుసు. ఆ లెక్కలో దున్నదూడకు చోటు లేదు. అది పాలు చాలక, పారుడు రోగంతో కొన్ని వారాల్లో పోతుంది.

దూడ పోతే బర్రె చేపదు. దూడ మూతి పొదుగుకు తాకితేనే పాలు దిగుతాయి దానికి. అందుకని చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్ళు. తల్లి దాన్ని నాకుతూ చేపేది. ఆ కాలం పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఆక్సిటోసిన్. నిషేధం ఉన్నా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది.

జున్ను అంటే మనందరికీ నోరూరుతుంది. బర్రె కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి రోగనిరోధక శక్తి దూడకు చేరదు. పుట్టిన మొదటి కొన్ని గంటల్లో తాగే ముర్రుపాల ద్వారానే రావాలి. దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు మొదటి రోజే తాగించమని ఊరూరా చెప్పుకుంటూ తిరిగాను. అక్కడి నుంచి ఇంటికొస్తే ఎవరో అభిమానంగా జున్నుపాలు పంపేవాళ్ళు. మీరే చెప్పండి, ఏం చెయ్యాలి?

వట్టిపోయిన బర్రె ఎక్కడికి పోతుందో కూడా అనుకుందాం. ప్రపంచంలో బర్రె మాంసం పెద్ద ఎత్తున ఎగుమతి చేసే దేశాల్లో మనది ఒకటి. ఆ బర్రెల్లో చాలావాటిని మాంసం కోసమని ఎవరూ పెంచలేదు. అవి మన ఫిల్టర్ కాఫీ, ఇరానీ చాయ్ దాటి వెళ్ళినవే. పాలు తాగుతూ, మాంసం తినేవాళ్ళను చిన్నచూపు చూడ్డానికి ఇక్కడ చోటు లేదు.

ఈ చిన్నచూపు గురించి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. 2014లో చేసిన నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. ఇదే నగరంలో టు-లెట్ బోర్డుల మీద "వెజిటేరియన్లకు మాత్రమే" అని కనిపిస్తుంది. ఆ బోర్డు రాసిన ఇంటాయన కోడి గురించి ఆలోచించి రాశాడంటారా? అద్దెకొచ్చే మనిషి కులం నేరుగా అడగలేక వంటింటి దారిన అడుగుతున్నాడు. మన దేశంలో మాంసం గురించి ఏ మాట ఎత్తినా ఈ బురద అంటుకునే ఉంటుంది. అందుకే జంతువుల పక్షాన మాట్లాడేవాళ్ళు, ముఖ్యంగా పుట్టుకతో శాకాహారులైనవాళ్ళు, ఎదుటివాళ్ళ పళ్ళెంలోకి చూడడం మానుకోవాలి. తాత ముత్తాతలు తినలేదు కాబట్టి నేను తినను అనేదాంట్లో జంతువు లేదు. ఇష్టంగా తిన్నది ఆలోచించి తగ్గించుకున్న మనిషికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

పూజగదిలో కట్టుకునే పట్టుచీర కూడా అంతే. గూడులో పురుగు బతికుండగానే ఉడకబెడితేనే దారం తెగకుండా వస్తుంది, ఒక చీరకు వేల గూళ్ళు. మన హైదరాబాదులోనే చేనేత సంస్థలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు పురుగు ఎగిరిపోయాక మిగిలిన గూళ్ళతో అహింసా పట్టు నేయించారు. మెరుపు తక్కువ, ధర ఎక్కువ. ఎంతమంది కొంటున్నారో మీరే ఊహించుకోండి.

దసరాకు పాలపిట్టను చూస్తే మంచిదంటాం. మన రాష్ట్ర పక్షి అది. ఊరు అవతల పొలాల్లో కరెంటు తీగ మీద కూర్చునే పిట్టను వెతుక్కునే ఓపిక లేక, ఎవరో పట్టి, కాళ్ళు కట్టి, పంజరంలో తెస్తే డబ్బులిచ్చి చూసి దండం పెడుతున్నాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అది నేరం. చిలకను పంజరంలో పెట్టడం కూడా నేరమే, జోస్యం చెప్పించినా చెప్పించకపోయినా. ఆ పిట్టల్లో చాలావాటికి రెక్కలు దెబ్బతిని తిరిగి ఎగరలేవు.

ఇంతకీ నేనేం తింటానని మీ మనసులో ఉంది. చెబుతాను. దానికంటే ముందు ఎర్రగుడి వెళ్ళొద్దాం. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనంలో ఏముందంటే, ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ లక్షల ప్రాణులను చంపేవారు, ఇప్పుడు మూడింటినే చంపుతున్నారు, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు, ఇకముందు ఈ మూడూ ఉండవు అని. నాకు ఈ శాసనం మీద మహా ఇష్టం. చక్రవర్తి కదా, అంతా మానేశాను అని చెక్కించుకుంటే అడిగేవాడెవడు? తన వంటింట్లో ఇంకా చస్తున్నవి ఎన్నో, అవి ఏవో, రాయి మీద చెక్కించి ఊళ్ళవాళ్ళకు చూపించాడు.

నా లెక్క చెబుతాను. చికెన్, గుడ్లు నేను మానేశాను. పాలు, టీ మానేశాను. పెరుగు మానలేదు. అశోకుడికి జింక ఎలాగో నాకు పెరుగన్నం అలాగ. (నవ్వులు) కుక్కలకు అన్నం, పప్పు, సోయా, గుమ్మడి, వారంలో కొన్ని రోజులు కోడి మెడలు, లివర్. కూరకు పోగా మిగిలినవి కాబట్టి వాటికోసం వేరే కోడి చావదని ఒక వాదన ఉంది. అది సగమే నిజం, ఎందుకంటే కొట్టతనికి అదీ ఆదాయమే. పిల్లులకు టారిన్ కలిపిన తిండి, అందులో చేపా కోడీ ఉంటాయి. అక్కడ నా దగ్గర జవాబు లేదు.

కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, మాంస పరిశోధనా కేంద్రం రెండూ మన నగరంలోనే ఉన్నాయి. కణాల నుంచి ల్యాబులో మాంసం పెంచే పరిశోధనకు 2019లో కేంద్ర ప్రభుత్వం వాటికి నాలుగున్నర కోట్లు ఇచ్చింది. అలాంటిది మార్కెట్లోకి వస్తే మొదట కొనేది నేనే, పిల్లుల కోసం.

ఇక వీధికుక్కలు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును కుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసిన తల్లి ఎవరైనా కుక్కలన్నిటినీ ఎత్తుకుపొమ్మంటే నేను ఆమెతో వాదించను. కుక్కలను ఇష్టపడేవాళ్ళు ఆ ఘటనను తప్పించుకుని మాట్లాడితే ఎవరూ వినరు, వినకూడదు కూడా.

కానీ ఆ కుక్కలు ఒక్కో వీధిలో అన్నేసి ఎందుకున్నాయి? చికెన్ షాపు వెనక నాలాలో పారేసిన పేగులు, ఫంక్షన్ హాలు పక్కన కుమ్మరించిన ఎముకలు. తిండి ఉన్నంత వరకూ కుక్కలుంటాయి. ఉన్నవాటిని పట్టుకుపోతే ఖాళీ అయిన చోటికి పక్క వీధివి వస్తాయి, అవి టీకా కూడా వేయనివి. మన కోడికూరే వీధికుక్కను పెంచుతోంది, మళ్ళీ మనమే దాన్ని చూసి భయపడుతున్నాం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టిన కుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గాటు పెట్టి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది, అదే నెల 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని సవరించింది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గరివి మాత్రం తిరిగి అక్కడ వదలొద్దంది. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా వేస్తే రేబిస్ ఆగుతుంది. అది కోర్టు చేసే పని కాదు, మున్సిపాలిటీ చెయ్యాలి, రోజూ, ఏళ్ళ తరబడి. అన్నం పెట్టేవాళ్ళు కూడా పిల్లలు ఆడుకునే చోట, గేటు ముందు పెట్టడం మానాలి. పెట్టే చేత్తోనే ఆపరేషన్‌కు పట్టించాలి. పట్టించనివాళ్ళు పెట్టొద్దని నేను మొహం మీదే చెబుతాను, అందుకే ఆ గ్రూపుల్లో నాకు స్నేహితులు తక్కువ.

కరిస్తే మాత్రం కారం, సున్నం, పసరు ఏవీ రాయొద్దు. పావుగంట సేపు ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కడిగి, వెంటనే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో, నారాయణగూడలో ఐపీఎం అనే ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకో, దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్ళండి. గీరినా అంతే. లక్షణాలు కనిపించాక రేబిస్‌కు వైద్యం లేదు.

ఇంట్లోకి తెచ్చుకునేవాళ్ళకు రెండు మాటలు. వీధిలోంచి వచ్చిన కుక్క మొదటి రోజే మీ కాళ్ళ దగ్గర తోక ఊపుతుందని సినిమాలు చూసి అనుకోకండి. మంచం కిందకు దూరి మూడు రోజులు బయటికి రాకపోవచ్చు. స్నానం చేయించొద్దు, ఎత్తుకోవద్దు, చుట్టాలను పిలిచి చూపించొద్దు. ఒక మూల, ఒక గోనెపట్టా, వేళకు తిండి. చిగుళ్ళు తెల్లబడినా, ముక్కులోంచి రక్తం వచ్చినా టిక్ ఫీవర్ కావచ్చు, పిడుదులు మన ఊళ్ళో ఏడాదంతా ఉంటాయి. పిల్లికి జ్వరమని పారాసిటమాల్ వేస్తే ఒక్క బిళ్ళకే చనిపోవచ్చు. డబ్బు పోసి హస్కీలనే మంచు ప్రాంతపు కుక్కలను కొని మే నెలలో కూకట్‌పల్లి ఫ్లాట్లో ఉంచేవాళ్ళ గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేస్తాను. ఏసీ బిల్లు భరించలేక వాటిని ఔటర్ రింగ్ రోడ్డు మీద వదిలేసిపోయిన కేసులున్నాయి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువును అలా వదిలెయ్యడం నేరమే. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. పది రూపాయలకు ఇవాళ ఇరానీ చాయ్ రాదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువతి: మేడమ్, మా అపార్టుమెంటు వాళ్ళు కుక్క ఉంటే ఖాళీ చెయ్యమంటున్నారు. లిఫ్టు కూడా వాడనివ్వడం లేదు.)

పెంపుడు జంతువులను నిషేధిస్తూ అసోసియేషన్ తీర్మానం చెయ్యడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. లిఫ్టు సంగతీ ఉంది. ప్రింటు తీసి ఇవ్వండి. దాంతో పాటు టీకా కార్డు కాపీ ఇవ్వండి, చేతిలో ఒక కవరు పెట్టుకుని అది చేసింది మీరే ఎత్తండి. సగం గొడవలు ఆ కవరుతోనే పోతాయి.

(ఒక పెద్దాయన: పాలూ గుడ్లూ మానేస్తే మనవళ్ళ ఎదుగుదల ఏం కావాలమ్మా?)

పిల్లల మీద ప్రయోగాలు చెయ్యమని నేను చెప్పను బాబాయిగారూ. పప్పులు, పల్లీలు, సోయా, రాగులు, నువ్వులతో ప్రొటీన్, కాల్షియం చాలావరకు వస్తాయి. బి12 మాత్రం మొక్కల్లోంచి రాదు, బిళ్ళ వేసుకోవాలి. నేనూ వేసుకుంటాను. పిల్లల డాక్టర్ని అడగకుండా ఏదీ మానిపించకండి. మీ పళ్ళెంలోంచి తగ్గించడానికి మటుకు ఎవరినీ అడగక్కర్లేదు. (నవ్వులు)

(ఒక అబ్బాయి: మా సందులో కుక్క ఈనింది. ఒక పిల్లను ఇంటికి తెచ్చుకోవచ్చా?)

కళ్ళు తెరిచాయా? తెరిచాయంటే రెండు వారాలు అయినట్టు. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండనివ్వు, కరిచే ఆటలో ఎంత గట్టిగా కరవకూడదో దానికి తల్లీ తోబుట్టువులే నేర్పాలి. ఈలోపు తల్లికి తిండి పెట్టు, అది బాగా తింటే పిల్లలూ బాగుంటాయి. పాలు మానిపించాక తల్లిని ఆపరేషన్‌కు పంపే ఏర్పాటు చూడు, మీ నాన్నను సాయం అడుగు. ఇక తెచ్చుకునే పిల్ల పన్నెండు, పదమూడేళ్ళు బతుకుతుంది. నువ్వు ఏ తరగతి? ఏడా? అంటే నువ్వు హాస్టల్‌కు పోయినా, ఉద్యోగానికి బెంగుళూరు పోయినా అది ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు దాన్ని ఎవరు చూస్తారో ఇవాళే మీ అమ్మను అడిగి, ఒప్పుకుంటే నా నంబరు తీసుకో.